ఆమడగూరుకు ఒక సర్టిఫికెట్

మా పిల్లోళ్లకు స్కిల్లు లేదని తేలిపోయింది. తేల్చినవాళ్లు ఏసీ గదిలో కూర్చుని తేల్చారు కాబట్టి తప్పయ్యే ప్రసక్తే లేదు. ఆమడగూరు వేరుశనగ చేలల్లో ఊడలు దిగే వేళకు వాన మొహం చాటేస్తే ఉన్న నాలుగు కాయలైనా దక్కించుకోవడం, అదీ పోతే బెంగళూరు బస్సెక్కి సెంట్రింగు పని పట్టుకోవడం, ఇవేవీ నైపుణ్యం కిందికి రావు. వీటికి సీలు లేదు మరి!

పెనుకొండ పక్కన ఎర్రమంచిలో 2019లో కియా కార్లు బయటికొచ్చాయి. ఏడాదికి 3 లక్షల కార్లు చేయగల ఫ్యాక్టరీ. అదే ఏడాది జూలైలో అసెంబ్లీ చట్టం చేసింది: ఫ్యాక్టరీ ఉద్యోగాల్లో 75 శాతం స్థానికులకే. అర్హులు దొరక్కపోతే, ప్రభుత్వంతో కలిసి మూడేళ్లలో తర్ఫీదిచ్చి మరీ తీసుకోవాలి. ఎంత ముచ్చటైన చట్టం! మూడేళ్లు ఎప్పుడో గడిచాయి. చట్టం ఇంకా అప్రెంటిస్‌గానే ఉంది.

జ్ఞానం కరువైన సీమ అని జాలిపడి అంతకుముందే చిలమత్తూరు, గోరంట్ల మండలాల్లో లేపాక్షి నాలెడ్జ్ హబ్‌కు 8,844 ఎకరాలు రాసిచ్చారు. నాలెడ్జి రాలేదు. ఆ భూముల్ని చూపి బ్యాంకుల్లో అప్పు పుట్టించే విద్య మాత్రం బాగా వచ్చింది. స్కిల్లంటే అదీ!

ఇక శిక్షణ వైభోగం చూడాలి. కోర్సు పేరు వెల్డింగు. రవ్వలు ఎగిరేది తెర మీద. హోల్డరు పట్టినవాడు ఒక్కడుండడు. కడ్డీల ఖర్చు ఎవడు భరిస్తాడు? పొద్దున వేలిముద్ర, సాయంత్రం వేలిముద్ర, ఆఖరి రోజు టీషర్టు, బ్యానరు ముందు గ్రూపు ఫొటో. తర్వాత ఫ్యాక్టరీ గేటు దగ్గర సూపర్‌వైజరు రెండు రేకులు ముందు పెట్టి "అతికించు" అంటే కుర్రాడు సర్టిఫికెట్ తీస్తాడు. పాపం, దానికి లామినేషన్ ఉంటుందే గాని అతికే గుణం ఉండదు.

ధర్మవరం పట్టుచీరకు భౌగోళిక గుర్తింపు ఉంది. నేసిన చేతికి లేదు. జకార్డు అట్టల చిల్లుల్లో పువ్వును చదవగలిగే మనిషి దరఖాస్తు ఫారంలో 'అన్‌స్కిల్డ్' అవుతాడు.

2024 జూన్‌లో ముఖ్యమంత్రి తొలి సంతకాలు పెట్టిన ఫైళ్లలో నైపుణ్య గణన ఒకటి. సంతోషం, లెక్కపెట్టండి. నేర్పేవాళ్లకూ ఒక గడి గీయండి: ఎందరికి నేర్పారని కాదు, ఏడాది తర్వాత ఎందరు ఆ పనిలో ఉన్నారని. ఆ అంకెను ఆమడగూరు మండలాఫీసు గోడకు అంటించండి. సున్నా అయినా సరే, అంటించండి.