మా క్లైమాక్స్‌కి మూడు సెక్షన్లు

గోదావరి మీద లాంచీలో పాపికొండల దాకా వెళ్లిన ప్రతి దర్శకుడికీ ఒకటే జబ్బు. బొటనవేళ్లూ చూపుడువేళ్లూ కలిపి ఫ్రేము కట్టి, ఒక కన్ను మూసి, ‘‘ఇక్కడే తీస్తున్నాం’’ అనేస్తాడు. తీసేది ఆయనే గానీ పర్మిషన్ తేవాల్సింది ప్రొడక్షన్ మేనేజరు. అంటే నేను.

‘‘బాపుగారు గోదావరి మీదే కదయ్యా ‘అందాల రాముడు’ తీశారు! ఆయన ఎవర్ని అడిగారట?’’ అని మా దర్శకుడి ధీమా. ఆ సినిమా వచ్చింది 1973లో. పాపికొండలు నేషనల్ పార్కయింది 2008లో. ఆ మధ్య తేడా అంతా వచ్చి నా నెత్తిన పడింది. ఇప్పుడది వెయ్యి చదరపు కిలోమీటర్లు దాటిన అడవి. పులి, చిరుత, అడవిదున్న అన్నీ కాపురం ఉంటున్నాయి. వాటి తరఫున ‘సరే’ అనాల్సింది రాష్ట్ర చీఫ్ వైల్డ్‌లైఫ్ వార్డెన్.

అప్లికేషనుతో పాటు సీన్ల వివరం కూడా జతచేసి పట్టుకెళ్లాను. సీట్లో ఉన్న పెద్దాయన కళ్లజోడు ముక్కు చివరికి దించి, జేబులోంచి ఎర్రపెన్ను తీశారు. మోచేతి కింద 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం, అంచులు నలిగిన పుస్తకం.

‘‘రాత్రిపూట నెగడు చుట్టూ డాన్సా?’’

‘‘చిన్న నెగడేనండీ.’’

‘‘సెక్షన్ 30.’’ ఎర్రగీత పడింది. ‘‘విలన్ తుపాకీతో వస్తాడా?’’

‘‘డమ్మీదండీ, పేలదు.’’

‘‘31. ఆ ముక్క రాసిచ్చి, ముందుగా పర్మిషన్ తెచ్చుకోండి. తర్వాత జీపు పేలుతుందా? 32.’’

‘‘సార్, ఇవి అభయారణ్యాలకు కదా, మాది నేషనల్ పార్కు...’’ అని నసిగాను.

ఆయన పేజీ తిప్పనైనా తిప్పలేదు. ‘‘35లో ఎనిమిదో సబ్ సెక్షన్. ఇవన్నీ అక్కడా వర్తిస్తాయి.’’

నిప్పు, ఆయుధం, పేలుడు. వరసగా మూడు సెక్షన్లు. మా రచయిత రాత్రింబవళ్లు కూర్చుని అల్లిన క్లైమాక్స్‌ని పార్లమెంటు యాభై ఏళ్ల కిందటే ఊహించి, సీన్ల వరసైనా తప్పకుండా కట్టడి చేసి పెట్టింది!

‘‘హీరోయిన్ జింకపిల్లను తరుముతూ పాడుతుందా? జంతువుల్ని ఆటపట్టించడం 27 కింద నేరం. హీరోని తరమమనండి, చట్టానికి అభ్యంతరం లేదు.’’ ఈ మాట అంటున్నప్పుడు కూడా ఆయన నవ్వలేదు.

నిజం చెప్పాలంటే చట్టం సినిమాకు శత్రువేం కాదు. 2022 సవరణలో ఫొటోగ్రఫీ పక్కన సినిమా తీయడాన్నీ పేరుపెట్టి చేర్చారు. ఒక్కటే షరతు: ప్రాణుల ఆవాసంలో ఏ మార్పూ చేయకూడదు, వాటికి ఏ హానీ కలగకూడదు. వినడానికి ఎంత చిన్న షరతు! మా యూనిట్‌కి మాత్రం అది ప్రాణాంతకం. కెమెరామన్‌కి ఎక్కడికెళ్లినా ‘ఆ ఒక్క కొమ్మ’ అడ్డొస్తుంది. ఆర్ట్ డైరెక్టరు పచ్చగా ఉన్న ఆకు మీద కూడా పచ్చరంగు కొట్టే రకం. ఇక టీ కప్పుల లెక్క ప్రొడక్షన్ మేనేజర్నైన నాకే తేలదు.

ఎర్రగీతలన్నీ పోగా మిగిలిన కథ ఇది: హీరో అడవిలోకి నడుస్తాడు. చూస్తాడు. ఏమీ ముట్టుకోకుండా తిరిగి వచ్చేస్తాడు.

దర్శకుడు కాగితం రెండుసార్లు చదివి, ‘‘ఏవయ్యా, ఇది అవార్డు సినిమా అయిపోయేట్టుందే!’’ అని మురిసిపోయాడు. అదే మాట విన్న నిర్మాత కుర్చీలో కూలబడి మంచినీళ్లు అడిగాడు. చివరికి నడక సీనుకి అనుమతి వచ్చింది. నెగడూ తుపాకీ జీపూ హైదరాబాద్‌లో సెట్ వేసుకుని మా సొంత ఖర్చుతో తగలేసుకున్నాం.

ఎర్రపెన్నును అప్పట్లో తిట్టుకున్న మాట వాస్తవమే. కానీ మా యూనిట్‌ని దగ్గర్నుంచి చూసినవాడిగా చెబుతున్నాను, ఆ పెన్ను ఉండాల్సిందే. కొండల్లో, అడవుల్లో సినిమా తీద్దామనుకునే వాళ్లకు నా సలహా ఒక్కటే: కథ రాయకముందే ఆ చట్టంలో 27 నుంచి 32 దాకా చదువుకోండి. ఎడిటరు పని సగం అక్కడే అయిపోతుంది.