నవ్వు బిడ్డా, తాత వచ్చిండు!

వరంగల్లులో రెండేళ్ల పిల్లకు పదకొండు నెలలు ఒకటే పాఠం. తెలియనోళ్ల దగ్గరికి పోవద్దు, ఎవరేమిచ్చినా తీసుకోవద్దు, అన్నం తినకపోతే గడ్డం బూచోడు సంచిలో వేసుకుపోతడు. డిసెంబర్ రాగానే హన్మకొండలో బట్టల షాపింగ్ మాల్ గుమ్మం దగ్గర ఆ గడ్డం బూచోడే ప్రత్యక్షం. సంచి కూడా ఉంటుంది. కన్నతల్లే పిల్లను ఎత్తి అతని ఒళ్లో కూచోబెట్టి, ‘‘చాక్లెట్ తీసుకో బిడ్డా, నవ్వు!’’ అంటుంది. పిల్ల గుక్కపట్టి ఏడుస్తుంది. పాఠం అంత బాగా వంటబట్టినందుకు మెచ్చుకోవాల్సింది పోయి, ‘‘ఉత్త పిరికిది, అన్నీ వాళ్ల నాయిన పోలికలే’’ అని బిరుదు.

నాయిన ఆ మాట వినడు. ఫోన్ అడ్డం తిప్పాలా, నిలువు పట్టాలా అన్న చింతలో ఉంటాడు. ‘‘తాతా, జర ఇటు చూడు’’ అని అతనే అరుస్తాడు. ఆ క్రిస్మస్ తాతకు ఇరవై ఏళ్లు నిండి ఉంటే గొప్ప. ఏ డిగ్రీ కాలేజీ కుర్రాడో, రోజు కూలికి ఒప్పుకున్నాడు. ముఖానికి గులాబీ బుగ్గల ప్లాస్టిక్ మాస్కు, కింద దూది గడ్డం, ఒంటి మీద మంచుదేశపు కోటు, నెత్తిన ఓరుగల్లు మధ్యాహ్నపు ఎండ. మాస్కు నవ్వుతూనే ఉంటుంది. లోపలివాడు కూడా ఏడుస్తున్నాడేమో ఎవరు చూడొచ్చారు?

అసలు తాత నికొలస్ నాలుగో శతాబ్దంలో, నేటి తుర్కియేలోని మైరాకు బిషప్. పేదింటి ఆడపిల్లల పెళ్లిళ్ల కోసం రాత్రివేళ ఎవరి కంటా పడకుండా డబ్బు మూటలు విసిరి పోయాడని ఆయన కథ. మనవాడు ఒక్క టాఫీ ఇచ్చినా సాక్ష్యానికి ఫొటో ఉండాల్సిందే. తాతను అంగట్లో కూచోబెట్టిన పుణ్యం అమెరికావాళ్లది. 1890లో మసాచుసెట్స్‌లోని బ్రాక్టన్‌లో జేమ్స్ ఎడ్గర్ అనే దుకాణదారు తానే ఆ వేషం కట్టి తన కొట్లో తిరిగాడు. 1931 నుంచి హాడన్ సండ్‌బ్లోమ్ అనే చిత్రకారుడు కోకాకోలా ప్రకటనల్లో ఆ బొజ్జనూ నవ్వునూ లోకానికంతా అలవాటు చేశాడు. ఇప్పుడు మన బడులు కూడా అందుకున్నాయి. ‘రేపు రెడ్ డ్రెస్ కంపల్సరీ’ అని రాత్రి పదింటికి వాట్సాప్ మెసేజ్! కృష్ణాష్టమికి నెమలీక కట్టిన ఆ నెత్తికే ఇప్పుడు ఎర్ర టోపీ. మతసామరస్యం అంటే ఇదే కాబోలు, ఖర్చు మాత్రం తల్లిదండ్రులది.

పండగను నేనేమీ అనడం లేదు. కాజీపేట ఫాతిమా క్యాథడ్రల్, 1952లో ఏర్పడిన వరంగల్ మేత్రాసనానికి పెద్ద గుడి. క్రిస్మస్‌కు అలాంటి గుళ్లలో పశువుల పాక కడతారు. దాని ముందు పిల్లలు తమంతట తామే నిలబడి గొర్రెపిల్లలను చూస్తారు. అక్కడ పసివాడు బొమ్మై పడుకుని ఉంటాడు, అతన్ని నవ్వమని ఎవరూ సతాయించరు. ఐనవోలు మల్లన్న దగ్గర పుట్టువెంట్రుకలు తీయించినప్పుడూ మన పిల్లలు ఏడుస్తారు, నిజమే. కానీ మేనమామ గట్టిగా పట్టుకుంటాడే తప్ప, కత్తి కింద నవ్వమని అడగడు.

కాబట్టి అమ్మలకూ నాయినలకూ ఒక మనవి. ఈ డిసెంబర్‌లో వరుసలో ముందు మీరు నిలబడండి. తాత ఒళ్లో మీరే కూచోండి, టాఫీ పుచ్చుకుని నవ్వండి. ఫొటో మీ బిడ్డ తీస్తుంది. ఫోన్ నొక్కడం దానికి మీకన్నా బాగా వచ్చు.