మణికట్టుకు మహర్దశ

బెంగళూరు శివారు వర్తూరులో ఇప్పుడు మనిషి హోదా తెలుసుకోవాలంటే కారు చూడనక్కర్లేదు, కీబోర్డు చూస్తే చాలు. అది రెండు ముక్కలై, ఒక ముక్క బల్లకు ఈ కొసన, రెండోది ఆ కొసన, రెండూ లోపలివైపు పైకి లేచి ఉన్నాయంటే ఆసామి సీనియర్. మీటల మీద అక్షరాలే లేకపోతే ఆర్కిటెక్టు. నాలుగొందల డాలర్ల పైన పెట్టి అమెరికా నుంచి తెప్పించుకున్నానని చెప్పేటప్పుడు ఆయన గొంతులో బాధేమీ ఉండదు. బాధంతా మణికట్టులోనే.

"ఎర్గోనామిక్ బ్రో, నెల్లాళ్లలో నొప్పి మాయం" అని గుంజూరు వైపు ఒక గేటెడ్ కమ్యూనిటీలో కడప కుర్రాడు గుంటూరు కుర్రాడికి చెబుతాడు. గుంటూరు కుర్రాడు ఆ రాత్రే ఆర్డరు పెడతాడు. వచ్చాక నెల్లాళ్లూ ఏ మీట ఎక్కడుందో వెతుక్కోవడంతోనే సరి. టైపింగు వేగం సగానికి పడిపోతుంది, చేతులు ఊపిరి పీల్చుకుంటాయి, నొప్పి తగ్గుతుంది. పేరు మాత్రం కీబోర్డుకు. ఆ నెలా ఊరికే మెల్లగా పనిచేసి ఉంటే డబ్బూ మిగిలేది కదా అని అడిగితే, "మెల్లగా చేస్తే మేనేజర్ ఊరుకుంటాడా అంకుల్?" అన్నాడు. కొత్త కీబోర్డని చెబితే ఊరుకున్నాడట.

ఈ కీబోర్డులు దొంగ సరుకని నేననను. కైనెసిస్ వాళ్ల గుంటల కీబోర్డు 1992లో వచ్చింది, మైక్రోసాఫ్ట్ వంపు తిరిగిన నేచురల్ కీబోర్డు 1994లో. అప్పటికే చేతులు నొప్పి పుడుతున్నవాళ్లకు ఆరు నెలల పాటు రకరకాల కీబోర్డులిచ్చి చేసిన అధ్యయనం ఒకటి అమెరికాలో 1999లో అచ్చయింది. మైక్రోసాఫ్ట్ రకం వాడినవాళ్లకు నొప్పి కొంత తగ్గింది. మంచిదే. అయితే అక్కడి వృత్తి ఆరోగ్య సంస్థ నయాష్ 1997లోనే ఒక చిన్న పుస్తకం వేసి, ఇలాంటి కీబోర్డులు జబ్బు రాకుండా ఆపుతాయనడానికి గట్టి రుజువు లేదని చెప్పింది. దెబ్బ తిన్నవాడికి కాస్త ఉపశమనం వేరు, దెబ్బ తగలకుండా కవచం వేరు. అమ్మేవాడు మొదటిది చూపించి రెండోది అంటగడతాడు. కొనేవాడికీ అదే కావాలి. కవచం ఉంటే రాత్రి పదకొండింటి కాల్ కూడా ఎత్తొచ్చు మరి.

ఇంకో చిత్రం. ఆ రెండు ముక్కల కీబోర్డు ఇంట్లో బల్ల మీద దుమ్ము తుడిపించుకుంటూ ఉంటుంది. దాని యజమాని ఆఫీసు క్యాబులో, తొడల మీద ల్యాప్‌టాప్ పెట్టుకుని, గడ్డం మెడకు ఆనించి, మోచేతులు పక్కవాడి డొక్కలో గుచ్చుతూ, వర్తూరు రోడ్డు మీద కదలని బండిలో కదిలే వేళ్లతో ఈమెయిలు కొడుతుంటాడు. బండి గోతిలో పడ్డప్పుడల్లా ఒక వాక్యం అదనం.

ఈ ఊరికి ఈ వైద్యం కొత్తేమీ కాదు. బెళ్లందూరు మురుగంతా దిగివచ్చి వర్తూరు చెరువు అలుగు దగ్గర నురగై పొంగి, గాలికి లేచి రోడ్డు మీద బైకుల వాళ్ల ముఖాన పడుతుంటే, పెద్దలు వంతెన పక్కన ఎత్తైన జాలీ కట్టారు. మురుగు మురుగుగానే వచ్చింది, నురగ జాలీ వెనక పొంగింది. మన కంపెనీల వెల్‌నెస్ వారం కూడా ఆ జాలీయే. సోమవారం మణికట్టు వ్యాయామం మీద వెబినార్, మంగళవారం జెల్ ప్యాడ్ పంపకం, శుక్రవారం రాత్రి రిలీజ్.

కారణం తెలియక ఇలా చేస్తున్నారా అంటే, ఆ సాకు లేదు. ఇటలీ వైద్యుడు రమజీని 1713లోనే రాతగాళ్ల జబ్బుకు మూడు కారణాలు రాసిపెట్టాడు: కదలకుండా కూర్చోవడం, చెయ్యి ఒకే తీరున ఆడుతూ ఉండటం, తప్పు పడుతుందేమోనని మనసు బిగబట్టుకోవడం. కుడి చెయ్యి పడిపోయిన ఒక రాతగాడు ఎడమ చేత్తో రాయడం నేర్చుకుంటే, కొన్నాళ్లకు ఆ చేతికీ అదే జబ్బు పట్టుకుందట. పనిముట్టు కాదు, చేతినే మార్చాడు పాపం! 1908లో బ్రిటన్ టెలిగ్రాఫు గుమస్తాల చేతులు కొంకర్లు పోవడాన్ని పరిహారం ఇవ్వాల్సిన జబ్బుల్లో చేర్చింది. మనమేమో 2023లో ఇన్ఫోసిస్ నారాయణమూర్తి గారి నోట వారానికి 70 గంటల పని అని విన్నాం, 2024లో కర్ణాటకలో ఐటీ వాళ్లకు రోజుకు 14 గంటలన్న ప్రతిపాదన చూసి ఉద్యోగుల సంఘం గొడవ చేయడం చూశాం, 2025లో ఎల్ అండ్ టీ అధిపతి పుణ్యమా అని 90 గంటల దాకా వచ్చాం. ఈ లెక్కకు తగ్గ కీబోర్డు ఇంకా ఎవరూ కనిపెట్టలేదు. ఆరు చేతుల మనిషిని కనిపెట్టడమే తేలికేమో.

నా కోపం అసలు ఇక్కడ కాదు. కీబోర్డు మారకపోతే పనే చేయలేనివాళ్లు కొందరున్నారు. ఒక చెయ్యే ఉన్నవాళ్లు, చేతులు వణికేవాళ్లు, సెరిబ్రల్ పాల్సీ ఉన్నవాళ్లు. బ్రిటన్‌లో మాల్ట్రాన్ వాళ్లు ఒంటి చేతి కీబోర్డు చేస్తారు, కుడికి వేరు, ఎడమకు వేరు. వణికే వేళ్లకు అంత ఖర్చు కూడా అక్కర్లేదు. మీటల మీద చిల్లుల పలక ఒకటి బిగిస్తే, చెయ్యి పలక మీద ఆనించి వేలు చిల్లులోకి దించుకోవచ్చు, పక్క మీట పడదు. ఇక షిఫ్టు పట్టుకుని ఇంకోటి నొక్కలేనివాళ్ల కోసం, మీటలు ఒకదాని తర్వాత ఒకటి నొక్కనిచ్చే స్టికీ కీస్ విండోస్ 95 నుంచీ ఉచితంగానే ఉంది. షిఫ్టు ఐదుసార్లు నొక్కితే ఆన్ చేయాలా అని అడుగుతుంది. తెలుగు కొట్టే ఇన్‌స్క్రిప్ట్ మీటల అమరికలో ఖ, ఘ, భ, ధ ఏది కొట్టాలన్నా షిఫ్టు కావాలి కాబట్టి, ఒంటి చేత్తో తెలుగు కొట్టే గుమస్తాకు అదే రెండో చెయ్యి.

మనవాళ్లకు మాత్రం స్టికీ కీస్ అంటే ఆట మధ్యలో బీప్‌మని ప్రాణం తీసే పీడ. అందుకని ఆఫీసులో ఐటీ విభాగం దాన్ని అందరికీ ఒకేసారి ఆపేసి తాళం వేస్తుంది. 2016 వికలాంగుల హక్కుల చట్టం ప్రతి సంస్థా సమాన అవకాశాల విధానం ప్రకటించాలంది. 2017 నియమాలు 20 మంది, ఆపైన ఉద్యోగులున్న ప్రైవేటు సంస్థలు సహాయక పరికరాల సంగతి కూడా అందులో రాయాలన్నాయి. రాశారు, అందంగా ఫ్రేము కట్టి రిసెప్షన్‌లో పెట్టారు. సీనియర్ గారి నాలుగొందల డాలర్లకు వెల్‌నెస్ అలవెన్సు కింద రెండు రోజుల్లో ఆమోదం వస్తుంది, డాక్టరు చీటీ కూడా అడగరు. ఒక చెయ్యి పనిచేయని కొత్తమ్మాయి చిల్లుల పలక కావాలని టికెట్ పెడితే మాత్రం వైకల్య ధ్రువపత్రం, మేనేజర్ అనుమతి, దీనివల్ల వ్యాపారానికి ఏం లాభమో రెండు పేరాలు, సెక్యూరిటీ వాళ్ల పరిశీలన. పలకలో వైరస్ ఉంటుందని కాబోలు. స్టికీ కీస్ తాళం తీయమని ఆమె పెట్టిన రెండో టికెట్‌కు మూడో వారంలో జవాబొచ్చింది: "మీ సమస్య పరిష్కారమైంది. మా సేవకు రేటింగ్ ఇవ్వడానికి కంట్రోల్, షిఫ్టు, ఎంటర్ కలిపి నొక్కండి."