అమ్మ చేతివాటం

మా విజయనగరంలో ఏ వీధిలోకి వెళ్ళినా ఒక అమ్మ ఉంటుంది. ఆవిడ చేతులు ఖాళీగా ఉండగా చూసినవాడు లేడు. పెళ్ళికి వెళ్తే పందిట్లో పూలు గుచ్చుతుంది. రైలెక్కితే బొబ్బిలి దాటకముందే సంచిలోంచి ఊలు తీస్తుంది. పరామర్శకు వెళ్తే, ఓదార్చి లేచేలోగా ఆ ఇంటివాళ్ళ చిక్కుడుకాయలన్నిటికీ ఈనెలు తీసి ఉంటాయి. చూసినవాళ్ళు "పాపం, క్షణం తీరిక లేదు" అంటారు. అలా అన్నవాళ్ళెవరూ ఆవిడ ఇంట్లో పెరిగి ఉండరు. నేను పెరిగాను. చేతిలో పనున్న మనిషికి ఇంకో పని చెప్పలేం, లెమ్మనలేం, ఎదురు చెప్పలేం. దీన్ని లోకం తీరిక లేకపోవడం అనుకుంటుంది. మా నాన్న మాత్రం ప్రభుత్వం అంటాడు.

అమ్మ పుట్టిల్లు పొందూరు. ఆ ఊరి సన్న ఖద్దరు సంగతి గాంధీగారి చెవిన పడితే, చూసి రమ్మని కొడుకు దేవదాసును పంపించారన్న మాట అక్కడి పిల్లలు ఓనమాలకన్నా ముందు నేర్చుకుంటారు. అక్కినేని నాగేశ్వరరావు మోజుపడి కట్టిన పంచెలు మా ఊరివేనన్నది ఆ తర్వాతి పాఠం. 1949లో ఖాదీ కార్మికుల సంఘం పెట్టారన్నది మూడోది. కొత్త మనిషి ఇంటికొస్తే కాఫీ చల్లారేలోగా అమ్మ ఈ మూడూ అప్పజెప్పేస్తుంది. పెళ్ళై విజయనగరం వస్తూ సారె సామాన్లతో పాటు ఒంటి కదురు రాట్నం ఒకటి వెంట తెచ్చుకుంది. ఇరవై నాలుగు ఆకుల చక్రం, నల్లగా నిగనిగలాడే కర్ర. ఇన్నేళ్ళయినా నాన్నకు ఆ బాధ తీరలేదు. "మీ తాతను నేను సైకిలడిగాన్రా. చక్రం ఒక్కటే ఇచ్చాడు" అంటాడు.

మా ఆవిడది విజయవాడ. కాపురానికొచ్చిన కొత్తలో దువ్వెన కోసం వెతుకుతూ అలమరాలో ఒక చిన్న డబ్బా తెరిచింది. లోపల పుల్లకు కట్టిన ఎముక ముక్క, దాని నిండా సూదిమొనల్లాంటి సన్నటి పళ్ళు.

"అత్తయ్యగారూ, ఇదేంటండీ?"

"దువ్వెనమ్మా."

"ఎవరిదండీ?"

"సేపది."

మా ఆవిడ రెండు రోజులు తల దువ్వుకోలేదు.

అది వాలుగ చేప దవడ. గోదావరి వైపు జాలర్ల దగ్గర్నుంచి పొందూరు చేరుతుంది. కొండపత్తిని గింజతో పాటే చేతిలో పట్టుకుని, చిన్నపిల్ల జుట్టు చిక్కు తీసినట్టు ఆ దవడతో మెల్లగా దువ్వుతారు. చెత్తా నలుసూ రాలిపోతాయి, పీచు ఒక వైపుకి సాఫుగా తిరుగుతుంది. తర్వాత చెక్కపీట మీద ఇనపకడ్డీ దొర్లించి గింజ తీస్తారు, ఏకుతారు, ఏకులు చుడతారు. వేళ్ళ చెమట తగలకుండా ఆ ఏకును ఎండిన అరటిదొప్పలో పెట్టి పట్టుకుని వడుకుతారు. అలా వడికిన నూరో కౌంటు నూలు కిలో ఉంటే, ఆ పోగు పట్టుకుని పొందూరు నుంచి విజయనగరం వెళ్ళి మళ్ళీ వెనక్కి రావచ్చు. మా అమ్మ ఏడాది పొడుగునా వడికేది కలిపితే ఒక తుండుగుడ్డకు సరిపోతుంది. పొందూరులో మా మావయ్య దాన్ని నేయించి పంపిస్తాడు. ఆ తుండుతో ఒళ్ళు తుడుచుకోవడానికి మా ఇంట్లో ఎవరికీ ధైర్యం లేదు. బీరువాలో పదిహేడున్నాయి.

నూలు కోసమే అయితే ఆ రాట్నం ఎప్పుడో అటకెక్కేది. దాని అసలు ఉపయోగాలు వేరు. మొదటిది ఫ్యాను. అంత సన్నపోగు గాలికి తెగుతుంది కాబట్టి అమ్మ వడుకుతున్నంతసేపు ముందుగదిలో ఫ్యాను వెయ్యకూడదు. మే నెలలో వచ్చిన చుట్టాలు మంచివాళ్ళయితే రాట్నం మూలకు చేరుతుంది, ఫ్యాను తిరుగుతుంది, పనసపొట్టు కూరతో భోజనం పెట్టిగానీ పంపదు. అప్పు కోసం వచ్చినవాళ్ళయితే, "కూకోండి కూకోండి, ఏటి కబుర్లు?" అని ఎంతో ప్రేమగా పలకరించి కదురు సవరిస్తుంది. పావుగంటలో మనిషి చొక్కా ఒంటికి అతుక్కుపోయి, వచ్చిన పని మర్చిపోయి, గంటస్తంభం దగ్గర సోడా తాగడానికి వెళ్ళిపోతాడు. తర్వాత అమ్మే బాధపడుతుంది: "అయ్యో, మంచినీళ్ళు కూడా తాగకుండా ఎల్లిపోనాడు."

రెండోది చెవి. రాట్నం గుయ్యిమని తిరుగుతున్నంతసేపు ఆవిడకేమీ వినిపించదని ఇంట్లో కొత్తవాళ్ళు నమ్ముతారు. అసలు సంగతేమిటంటే, పక్కగదిలో మాట పనికొచ్చే చోటుకు రాగానే రాట్నం ఆగుతుంది. నేనూ చెల్లీ చిన్నప్పుడే ఇది కనిపెట్టాం. సినిమాకి వెళ్ళే ఏర్పాట్లు గుసగుసలాడుకుంటూ చప్పుడు ఆగగానే, "ఎక్కం ఎంతవరకు వచ్చిందే?" అనుకునేవాళ్ళం. చప్పుడు మళ్ళీ మొదలయ్యేది. మేం కనిపెట్టామన్న సంగతి కూడా ఆవిడ కనిపెట్టిందని చాలా ఏళ్ళకు తెలిసింది. ఆ తర్వాత రాట్నం ఆపకుండానే వినడం నేర్చుకుంది.

ఇక అల్లిక. ఊలూ రెండు సూదులూ చేతిలో ఉంటే మా అమ్మ మౌనవ్రతంలో ఉన్న మునిలాంటిది. ఇష్టం లేని ప్రశ్న వేసి చూడండి.

"ఇదిగో, మొన్న నీకిచ్చిన అయిదువేలల్లో ఎంత మిగిలింది?"

"ముప్పై ఏడు, ముప్పై ఎనిమిది..."

"ముప్పై ఎనిమిదేమిటే?"

"కుట్లండీ. మద్దిలో మాటాడకండి, లెక్క పోతాది."

నలభై ఏళ్ళుగా నాన్న అడిగిన ఏ డబ్బు లెక్కకూ కుట్ల లెక్క తప్ప జవాబు రాలేదు. ఇంతా చేసి ఆవిడ అల్లేది మా ఊరి చలికి అక్కరలేని స్వెటర్లు. సంక్రాంతి ముందు నాలుగు రోజులు తెల్లవారుజామున కాస్త మంచు పడుతుంది, అంతే. "అరకు ఎల్తే ఏటి సేస్తావు?" అంటుంది. ఏడో తరగతిలో బడివాళ్ళతో ఒకసారి వెళ్ళాను. దాని కోసం అల్లిన మెరూన్ రంగు స్వెటరు ఇప్పటికీ మా ఇంట్లో చలామణిలో ఉంది. నాకు పొట్టయ్యాక దాన్ని విప్పేసి, వంకరలు తిరిగిన ఊలును తడిపి, కిందికి ఒక చెంబు వేలాడదీసి సాఫు చేసి, చెల్లికి టోపీ అల్లింది. టోపీ విప్పి నాన్నకు మఫ్లరు, మఫ్లరు విప్పి రేడియోకి గలీబు. రేడియో పోయింది. ప్రస్తుతం ఆ ఊలు టీవీ రిమోటుకు చొక్కాగా ఉంది. మా వంశవృక్షం తాళపత్రాల్లో లేకపోయినా ఆ ఊలులో ఉంది.

ఊలు కొన్న రోజు ఇంట్లో మగవాళ్ళు జాగ్రత్తగా ఉండాలి. చిలపను ఉండగా చుట్టాలంటే రెండు చేతులు కావాలి. "నాన్నా, ఓ పాలి ఇలగ రా" అని పిలిచి, మన చేతులు రెండూ చాపించి చిలప తగిలిస్తుంది. అంతే, సంకెళ్ళు పడ్డట్టే. ముక్కు గోక్కోలేం, ఫోను తియ్యలేం, లేచిపోలేం. అమ్మ ఎదురుగా కూర్చుని తాపీగా ఉండ చుట్టుకుంటూ, పదో చుట్టు దగ్గర అడుగుతుంది: "ఇంజనీరింగులో ఒక సబ్జెట్టు పోనాదట గదా?" నా పరీక్షలూ, నాన్న రహస్యంగా తెచ్చిన లాటరీ టికెట్లూ, చెల్లి వెనక తిరిగిన కుర్రాడి ఇంటిపేరూ ఇలాగే బయటపడ్డాయి. ఏ పోలీస్ స్టేషన్లోనూ ఒక్క ఊలు ఉండతో ఇన్ని కేసులు తేల్చి ఉండరు.

వంటలో తంత్రం ఇంకా సున్నితం. పెళ్ళికెవరో చదివించిన మాలతీ చందూర్ 'వంటలు–పిండివంటలు' మా ఇంట్లో ఉంది. దాని అంచుల నిండా అమ్మ పెన్సిలు దిద్దుబాట్లు. "ఇంగువ చాలదు", "ఇలా అయితే విరిగిపోవును", ఒకచోట ఏకంగా "తప్పు". అంత కచ్చితంగా దిద్దే మనిషి, ఎవరైనా తన వంట చెప్పమంటే మాత్రం మాటలు పొదుపు చేస్తుంది. మా ఆవిడ హైదరాబాదు నుంచి ఫోనులో పనసపొట్టు కూర అడిగింది. పొట్టు ఉడకబెట్టి నీళ్ళు పిండమంది, చింతపండు పులుసు చెప్పింది, పోపు చెప్పింది. ఉప్పెంతండీ అంటే "తగినంత". తగినంతంటే ఎంతండీ అంటే "సరిపోయినంత". కూర దించి రుచి చూస్తే ఏదో లోటు. మళ్ళీ ఫోను చేస్తే, "ఓలమ్మ, ఆవపిండి సెప్పనేదేటి? దించినాక కలపాల గదమ్మా!" బెల్లం ఆవకాయకూ ఇదే జరిగింది, చిమ్మిలికీ ఇదే జరిగింది. మతిమరుపు అనుకుందామంటే, 1985లో ఎవరి పెళ్ళిలో గుమ్మడికాయ దప్పళం ఉప్పగా ఉందో చెప్పగలదు. ఆలోచించగా నాకు తెలిసిందేమిటంటే, ఆ ఒక్క దినుసూ ఆవిడ మా రాకపోకలకు పెట్టుకున్న టికెట్టు. కూర కుదిరితే కొడుకూ కోడలూ పండక్కి రారు.

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను వచ్చినప్పుడు మా అమ్మ ప్రభుత్వానికి పూర్తి మెజారిటీ వచ్చింది. చెట్లు కూలి, స్తంభాలు వంగి, ఊళ్ళో రోజుల తరబడి కరెంటు లేదు. మిక్సీలు మూగబోయాయి. వీధంతా దిక్కులు చూస్తుంటే మా ఇంట్లో రోలు దొర్లింది, కుంపటి రాజుకుంది, చేత్తో చేసిన వత్తులు ఒకటొకటిగా వెలిగాయి. కార్తీక పౌర్ణమికి మూడొందల అరవై అయిదు వత్తుల కట్టలు ముందే చేసి దాచింది ఆవిడ, తనకూ అడిగినవాళ్ళకూ. ఇరుగుపొరుగు వచ్చి "అప్పా, రెండు వత్తులియ్యవా", "పిన్నీ, కాస్త పచ్చడి రుబ్బిపెట్టవా" అంటుంటే, అమ్మ రాట్నం ముందు కూర్చుని పైడితల్లమ్మలా వెలిగిపోయింది. కరెంటొచ్చిన రోజు వీధంతా ఈలలు వేసింది. మా ఇంట్లో ఒక మనిషి మొహం మాత్రం చిన్నబోయింది.

ఆవిడ చెప్పే పొదుపు లెక్కల్లోకి మనం వెళ్ళకూడదు. నాలుగొందలకు దొరికే స్వెటరుకు ఆరొందల ఊలు కొని, రెండొందలు మిగిలాయంటుంది. ఎలా మిగిలాయని అడిగితే "ముప్పై ఏడు, ముప్పై ఎనిమిది" మొదలవుతుంది.

క్రితం ఏడాది ఆషాఢంలో, పండగ కాదు పబ్బం కాదు, మంగళవారం పొద్దున్న విశాఖ ఎక్స్‌ప్రెస్ దిగి ఇంటికొచ్చాను. చేతిలో చిన్న సంచి. ఉద్యోగం పోయి అప్పటికి మూడు వారాలు. ఆ సంగతి మా ఆవిడకు తప్ప ఎవరికీ తెలియదు. నాన్న "సెలవెన్ని రోజులురా?" అన్నాడు. నేను నీళ్ళు నమిలాను. అమ్మ రాట్నం తిప్పుతూనే ఉంది. ఆపలేదు, ఏమీ అడగలేదు. మధ్యాహ్నం దాకా అలాగే. పప్పులో ఉప్పు తగినంత, చారులో ఇంగువ తగినంత, ప్రశ్నలు మాత్రం సున్నా. ఇన్నేళ్ళూ ఆవిడ అడుగుతుందేమోనని భయపడ్డవాణ్ణి, ఆ రోజు అడగదేమోనని భయపడ్డాను.

నాన్న కునుకు తీశాక వెళ్ళి ఎదురుగా కింద కూర్చున్నాను. రెండు చేతులూ చాపాను.

అమ్మ చూసింది. "ఊలు అయిపోనాదిరా."

చేతులు దించలేదు.

లేచి వంటింట్లోకెళ్ళి మునగాకు కొమ్మలు నాలుగు, ఒక పళ్ళెం తెచ్చి నా ఒళ్ళో పెట్టింది. "ఇది దుయ్యి. దూస్తా సెప్పు."

రాట్నాన్ని గోడవైపు జరిపింది. ఏకును అరటిదొప్పలో పెట్టి మడిచింది. తర్వాత, మంచి చుట్టాలొచ్చినప్పుడు మాత్రమే చేసే పని చేసింది. స్విచ్చి దగ్గరికెళ్ళి ఫ్యాను వేసింది. నేను మాట మొదలుపెట్టేలోగా పళ్ళెంలో మునగాకంతా గదినిండా ఎగిరింది.

"ఏరరా," అంది, నా పక్కన చతికిలబడి తనూ ఏరుతూ. "తొందరేటి నేదు గదా ఇప్పుడు నీకు?"