నేను కొట్టివేసిన పద్దు

ఆయాకు జీతమివ్వడం దానం కిందకు రాదని నేను చాలాకాలం నమ్మాను. బ్యాంకులో పనిచేసి రిటైరైనదాన్ని. లెక్కలు నాకు తెలుసునన్న ధీమాతో ఒక కంపెనీ సీఎస్ఆర్ (సామాజిక బాధ్యత) నిధులు పంచే కమిటీలో కూర్చున్నాను. ఆడవాళ్ళ కోసం, పిల్లల కోసం పనిచేసే చిన్న సంస్థలు పంపే దరఖాస్తులు చదివి, దేనికెంత ఇవ్వవచ్చో చెప్పడం మా పని. జీతాలు, అద్దె, కరెంటు బిల్లు అన్న పద్దులు కనిపిస్తే ఎర్రగీత పెట్టేదాన్ని. కుట్టుమిషన్లు, స్కూలు బ్యాగులు, ఆటవస్తువులు అయితే సంతకం చేసేదాన్ని. వస్తువుకు బిల్లుంటుంది. దాని మీద దాత పేరు రాయించవచ్చు, ఫోటో తీయవచ్చు, మార్చి 31లోగా ఖర్చు చూపించవచ్చు. మనిషికిచ్చిన డబ్బు మాత్రం ఆనవాలు లేకుండా పోతుందనుకున్నాను.

గుంటూరులో సంక్రాంతి దాటాక మిరపకాయ జోరందుకుంటుంది. మిర్చి యార్డు చుట్టుపక్కల ఆడకూలీలు ఎర్రటి గుట్టల ముందు బారులు తీరి కూర్చుని ముచ్చికలు తీస్తారు. కిలోల లెక్కన కూలి, కాబట్టి లేచిన ప్రతిసారీ నష్టమే. చంటిపిల్లలు ఆ ఘాటులోనే, తల్లుల పక్కన పట్టాల మీద దగ్గుతూ తుమ్ముతూ పడి ఉంటారు. అంగన్‌వాడీ ఉంది కదా అనుకోవచ్చు. పొద్దున్నే పనిలోకి దిగి పొద్దుగూకాక ఇల్లు చేరే తల్లికి ఆ వేళలు చాలవు. అందుకే ఒక చిన్న సేవాసంస్థ అక్కడ గది అద్దెకు తీసుకుని పిల్లల సంరక్షణ కేంద్రం నడిపేది.

ఆ కేంద్రాన్ని వెళ్ళి చూశాను. గుమ్మం బయట మేకులకు, తల్లులు చీర మీద తొడుక్కునే మగవాళ్ళ పాత చొక్కాలు వేలాడుతున్నాయి. పాలివ్వడానికి వచ్చిన తల్లి ముందు ఆ చొక్కా విప్పాలి. చేతులు సబ్బుతో కడుక్కుని, కొబ్బరినూనె రాసుకుని, మళ్ళీ కడుక్కోవాలి. అప్పటిదాకా ఆయా బిడ్డను చేతికిచ్చేది కాదు. కారం చేయి తగిలితే పసివాళ్ళ ఒళ్ళు భగ్గున మండుతుంది. ఎవరికి జ్వరం తగిలింది, ఎవరు అన్నం ముట్టలేదు, అన్నీ ఆమెకు గుర్తే.

ఇదంతా కళ్ళారా చూసి వచ్చి కూడా, కాగితం ముందు పెట్టుకునేసరికి నా చేయి పాత దారినే పోయింది. ఆయా జీతం, వంటమనిషి జీతం, అద్దె కొట్టివేశాను. ప్లాస్టిక్ జారుడుబల్ల, బొమ్మలు, చిన్న కుర్చీలు మంజూరు చేయించాను. ‘మేడమ్, బొమ్మలు తరవాత కొనుక్కుంటాం, ఈ సీజనుకు ఆయా జీతం ఇప్పించండి’ అని నిర్వాహకురాలు ఫోన్ చేసి బతిమాలింది. నిబంధనలు ఒప్పుకోవన్నాను.

సీజను మధ్యలోనే గది మూతపడింది. సామాను అట్టపెట్టెల్లోనే ఉండిపోయింది. ఆయా ముచ్చికల పనికి పోయింది. యార్డు దగ్గర కనిపిస్తే ఎందుకు మానేశావని అడిగాను. ‘జీతం లేకపోతే ఎట్టా అమ్మా? నాకూ పిల్లలున్నారు గదా’ అంది, చేతిలో పని ఆపకుండా. మొన్నటిదాకా ఆమె ఉయ్యాల ఊపిన బిడ్డ ఆ పక్కనే పట్టా మీద దగ్గుతోంది.

అన్నాళ్ళూ అడ్డం పెట్టుకున్న నిబంధనను ఆ రాత్రి మొదటిసారి పూర్తిగా చదివాను. 2013 కంపెనీల చట్టం 135వ సెక్షన్ కిందకు వచ్చే కంపెనీ, గత మూడేళ్ళ సగటు నికర లాభంలో కనీసం 2 శాతం సామాజిక బాధ్యత కింద ఖర్చు పెట్టాలి. ఆ ఖర్చులో పరిపాలనా వ్యయం 5 శాతం మించకూడదు. నాకు తెలిసింది అంతవరకే. నిజానికి ఆ పరిమితి కంపెనీ తన సీఎస్ఆర్ వ్యవహారాలు నడుపుకోవడానికి పెట్టుకునే ఖర్చుకు. కార్యక్రమం అమలుకు నేరుగా అయ్యే ఖర్చు అందులోకి రాదని 2021 జనవరిలో సవరించిన నియమాల్లోనే ఉంది. విద్యా కార్యక్రమాల్లో టీచర్ల జీతాలు కార్యక్రమం ఖర్చేనని అదే ఏడాది ఆగస్టులో కేంద్రం వివరణ కూడా ఇచ్చింది. బడికి టీచరెలాగో ఆ గదికి ఆయా అలాగ. నేను కొట్టివేసింది పరిపాలనా ఖర్చు కాదు, కార్యక్రమాన్నే.

మహిళా దినోత్సవ సభల్లో దుర్గాబాయి దేశ్‌ముఖ్ గురించి ఎన్నోసార్లు మాట్లాడినదాన్ని నేను. స్వచ్ఛంద సంస్థలకు గ్రాంట్లిచ్చేందుకు 1953లో ఏర్పడిన కేంద్ర సాంఘిక సంక్షేమ బోర్డుకు మన రాజమండ్రి ఆడపడుచే తొలి అధ్యక్షురాలని గర్వంగా చెప్పేదాన్ని. ఆ బోర్డు 1954లో పల్లెల్లో మొదలుపెట్టిన సంక్షేమ విస్తరణ ప్రాజెక్టులు నడిచింది గ్రామసేవికల మీద, కాన్పులు చూసే దాయిల మీద. పల్లెకు ముందుగా కావలసింది మనిషని వాళ్ళకు తెలుసు. ఆ చరిత్ర నోటికి వచ్చి కూడా నా ముందున్న దరఖాస్తులో దాన్ని గుర్తుపట్టలేకపోయాను.

ఆ తల్లులకు పోయిన సీజను నేను తిరిగి ఇవ్వలేను. ఇప్పుడు దరఖాస్తు చేతికి రాగానే ముందు జీతాల పద్దు చూస్తున్నాను. అది తక్కువగా ఉంటే, ఈ డబ్బుకు మనిషి నిలుస్తుందా అని సంస్థనే అడుగుతున్నాను. ఇలాంటి కమిటీల్లో కూర్చున్నవారికి నా విన్నపం ఒక్కటే. ఆయా జీతం ఏడాది పొడుగునా అందేలా మంజూరు చేయండి. మిగిలితే బొమ్మలు కొనండి.