కోటికి ఒకటి తక్కువ

మన రాష్ట్రంలో సొంత పేరు మీద బతుకుతున్న చూడదగ్గ ఊరు దొరకడం కష్టమైపోయింది. అరకు ఆంధ్రా ఊటీ. లంబసింగి ఆంధ్రా కాశ్మీరు. గండికోట ఇండియా గ్రాండ్ కాన్యన్. మా ఉద్దానం ఉత్తరాంధ్ర కోనసీమ. ఆ కోనసీమేమో ఆంధ్రా కేరళ. ఈ లెక్కన ఉద్దానంలోని కవిటిలో కొబ్బరిచెట్టు కింద కూర్చున్నవాడు రైలెక్కకుండానే కేరళలో ఉన్నాడు. చార్జీ మిగులు.

పేరు అద్దెకు తెచ్చుకున్నాక అద్దె ఎవరో ఒకరు కట్టాలి. కట్టేది యాత్రికుడు. ఊటీ అనుకొని అరకు వెళ్లినవాడు అక్కడ ఊటీ లేదని తిట్టుకుంటాడు. ఆ తిట్టుకునే పనిలో ఎదురుగా ఉన్న అరకును చూడటం మరిచిపోతాడు. పాపం, అతని సుఖం కోసమే కదా 2017లో విశాఖ నుంచి వెళ్లే రైలుకు అద్దాల పైకప్పు పెట్టె తగిలించారు! ఆ దారిలో సొరంగం తర్వాత సొరంగం. అదనంగా డబ్బిచ్చి కొనుక్కున్న అద్దంలోంచి చిమ్మచీకటి ఎంత స్పష్టంగా కనిపిస్తుందో ఎక్కినవాడికే తెలుస్తుంది. సొరంగం రాగానే పెట్టెలో పిల్లాపెద్దా కేకలు పెడతారు. ఇంటికెళ్లాక యాత్ర గురించి చెప్పేది కూడా ఆ కేకల గురించే.

లంబసింగి సంగతి మరీ చిత్రం. "సున్నా డిగ్రీలంట" అన్న ఒక్క మాట విని జనం అర్ధరాత్రి కార్లేసుకొని బయల్దేరతారు. తెల్లవారేసరికి అందరూ ఘాట్ రోడ్డు మీద ఒకరి వెనక ఒకరు ఆగిపోయి, ముందున్న కారు నంబరు ప్లేటు దర్శించుకుంటూ ఉంటారు. అందరి ఇంజన్లూ ఆన్‌లో ఉంటాయి కాబట్టి ఆ సున్నా కూడా అక్కడ నిలవదు. చివరికి చేరుకున్నాక పొగమంచు ఉంటే ఏమీ కనబడలేదని బాధ, లేకపోతే పొగమంచు కనబడలేదని బాధ. కాశ్మీరు అన్నారు కదా, మంచుగడ్డలేవని పిల్లలు అడుగుతారు. పిల్లల తప్పు కాదు. ఆ పూటకి బొంగులో చికెన్ పరువు కాపాడుతుంది.

ఇది మన ఒక్కరి జబ్బు కాదులెండి. పారిస్ వెళ్లి మోనాలిసాను చూసినవాళ్లని అడగండి. ఆ బొమ్మ ఎత్తు 77 సెంటీమీటర్లు, వెడల్పు 53. దాని ముందు అడ్డంగా లేచిన సెల్‌ఫోన్ల వైశాల్యం అంతకన్నా చాలా ఎక్కువ. కోపెన్‌హేగెన్‌లో 1913 నుంచి ఒక బండ మీద కూర్చున్న జలకన్య విగ్రహం మహా అయితే మీటరుంపావు ఎత్తు. సముద్రాలు దాటి వచ్చినవాళ్లు "ఇంతేనా?" అని, అయినా ఫోటో తీసుకొని వెళతారు. జపాను వాళ్లు ఇంకాస్త నిజాయితీపరులు. దేశంలో నిరాశపరిచే మూడు ప్రసిద్ధ స్థలాలని బాహాటంగానే ఒక జాబితా చెప్పుకుంటారు. సప్పోరో గడియారపు మేడ, కోచి పట్నంలోని హరిమాయ వంతెన అందులో ఖాయం. మూడో స్థానం ఎవరిదన్నదే తగువు. అలాంటి జాబితా మన దగ్గర పెట్టి చూడండి. ముప్పయ్యో స్థానానికి కూడా తోపులాట జరుగుతుంది. మా నియోజకవర్గాన్ని ఎందుకు చేర్చలేదని రాస్తారోకోలు, చేర్చినందుకు మళ్లీ రాస్తారోకోలు.

మా శ్రీకాకుళం ఈ రంగంలో వెనకబడిన జిల్లా ఏమీ కాదు. అరసవల్లి సూర్యుడి గుడినే తీసుకోండి. ఏటా మార్చిలో కొన్ని రోజులు, అక్టోబరులో కొన్ని రోజులు ఉదయపు ఎండ గాలిగోపురం దాటి, అనివెట్టి మండపం దాటి, వచ్చి మూలవిరాట్టు పాదాల మీద పడుతుంది. ఎన్నో ఏళ్ల కిందట కట్టినవాళ్లు లెక్కకట్టి పెట్టిన వింత. ఆ లెక్కలో వాళ్లు మబ్బుని కలపలేదు. మబ్బు పట్టిన ఏడు టీవీ మైకుల ముందు భక్తుల ముఖాలు చూడాలి! సూర్యుణ్ణి చూడటానికి వచ్చి సూర్యుడు లేడని వెళ్లిపోతారు. సూర్యుడు లోపలే ఉన్నాడు. మిగతా మూడువందల పైచిలుకు రోజులూ ఉంటాడు. కానీ కెమెరాకి పనికొచ్చేది ఆ నాలుగు నిమిషాల సూర్యుడే.

టెక్కలి దగ్గర తేలినీలాపురం పక్షులది ఇంకో కథ. "సైబీరియా నుంచి వేల మైళ్లు ఎగిరొస్తాయి" అని ప్రతి ఏడూ రాస్తాం, చదువుతాం, వేసవి సెలవుల్లో పిల్లల్ని తీసుకెళతాం. అప్పటికి పక్షులు ఉండవు. వాటి కాలం వానలు తగ్గాక మొదలై ఎండలు ముదరకముందే అయిపోతుంది. అసలు ఆ గూడబాతులూ, ఎర్రకాళ్ల కొంగలూ గుడ్లు పెట్టి పిల్లల్ని చేసేది మన దక్షిణాసియా ప్రాంతాల్లోనే. సైబీరియా మొహం అవి ఎన్నడూ చూసి ఎరగవు. కానీ పక్షికి కూడా విదేశీ పాస్‌పోర్టు లేనిదే మనం తలెత్తి చూడం. ఆ ఊరివాళ్లకి ఈ గొడవ లేదు. పక్షులొస్తే వానలూ పంటలూ బాగుంటాయని వాళ్ల నమ్మకం. వాటిని ఇంటికొచ్చిన ఆడపిల్లల వరసలో చూసుకుంటారు. ఎక్కణ్ణుంచి వచ్చారమ్మా అని ఆడపిల్లని ఎవరడుగుతారు?

ఇక శ్రీముఖలింగం. జలుమూరు మండలం, వంశధార ఒడ్డు. మధుకేశ్వరుడు, భీమేశ్వరుడు, సోమేశ్వరుడు, మూడు గుళ్లు. తూర్పు గాంగుల కళింగనగరం ఇదేనని చరిత్ర చదివినవాళ్లు చెబుతారు. చరిత్ర చదవని ప్రకటనలు మాత్రం "దక్షిణ కాశీ" అంటాయి. దక్షిణాదిలో దక్షిణ కాశీలు ఎన్నున్నాయో లెక్క తీస్తే ఉత్తరాన ఉన్న ఒక్క కాశీ బిక్కచచ్చిపోతుంది.

ఈ పేరు నమ్మి కారు దిగిన పెద్దమనిషి మొదటి ప్రశ్న: "గంగ ఎక్కడ?" ఇక్కడ గంగ పారలేదు బాబూ, గాంగులు ఏలారు. పారేది వంశధార. "సాయంత్రం హారతి ఎన్ని గంటలకి?" నదికి హారతి లేదు. "పడవలు?" వేసవిలో అయితే నది దాటడానికి చెప్పులు చాలు. ఆ నదిలోంచి రోజూ లారీలెక్కి విహారయాత్రకి వెళ్లేది ఇసుక ఒక్కటే. టికెట్టు లేకుండా వెళ్లేదీ అదే.

గుళ్లోకి వెళ్లాక రెండో ఫిర్యాదు. "ముఖలింగం అన్నారు, ముఖం ఏదండీ?" శబరులకి శివుడు ఇప్పచెట్టులో ముఖం చూపించాడన్నది ఇక్కడి కథ. ఆ చెట్టు మొదలే లింగమైందంటారు. మధుకమంటే ఇప్ప, అందుకే మధుకేశ్వరుడు. అంటే ఆనాడు చూడగలిగినవాళ్లకి కనిపించిన ముఖం అది. ఈనాడు రెండు నిమిషాల్లో కనబడకపోతే మార్కులు తగ్గిస్తారు. లింగం వెనక పెద్ద గోలెం ఉంటుంది. బిడ్డలు లేని కుమ్మరి ఒకడు మొక్కుకొని చేసి తెచ్చాడట. అది చెప్పబోతే పెద్దమనిషి ఫోన్లో సిగ్నల్ వెతుకుతూ ఉంటాడు.

బయట టీ కొట్టు దగ్గర సంభాషణ ఇలా ఉంటుంది.

"ఇంతేనా పెద్దాయనా? ఇంకేం లేవా చూడ్డానికి?"

"ఇంతేటి బావూ! భీమేశ్వరం సూసినారా? సోమేశ్వరం సూసినారా? ఆ గోడల మీద బొమ్మలు సూస్తే పొద్దు సాలదు."

"అన్నీ శివుడి గుళ్లేగా!"

"మరి శివుడి ఊర్లో సినీమా హాలుంటాదేటి?"

పెద్దమనిషి అలిగి కారెక్కుతాడు. దారిలో రెండు నక్షత్రాలు ఇస్తాడు. ఒకటి టీకి, ఒకటి పార్కింగుకి. గుడికి ఏమీ మిగలలేదు.

ఇట్లాంటివాళ్లని సంతోషపెట్టడానికి శ్రీముఖలింగాన్ని ఎలా అభివృద్ధి చేయవచ్చో నేనూ కొంత ఆలోచించాను. ఎవరైనా అడిగితే నా ప్రణాళిక సిద్ధంగా ఉంది. మొదట కొత్త పేరు పెట్టాలి. "ఆంధ్రా పూరీ" అందామంటే జనం ఆలూ కూర అడుగుతారు. "ఆంధ్రా కోణార్క్" బాగుంటుంది. అయితే చిన్న చిక్కుంది. ఇక్కణ్ణుంచి ఏలిన అనంతవర్మ చోడగంగు, 1078 నుంచి 1147 దాకా రాజ్యం చేసినవాడు, ఉత్తరానికి విస్తరించి రాజధానిని కటకానికి మార్చాడు. పూరీ జగన్నాథుడి పెద్దగుడి మొదలుపెట్టింది ఆయనే. ఆ వంశంలోనే తర్వాత నరసింహదేవుడు పదమూడో శతాబ్దంలో కోణార్క్ కట్టించాడు. కాబట్టి శ్రీముఖలింగాన్ని ఆంధ్రా కోణార్క్ అనడం, తాతను చూసి "అచ్చం మనవడి పోలికే" అని మెచ్చుకోవడమే. తాత ఏమీ అనడు. మా వాళ్లకి ఇలాంటివి పట్టించుకునే అలవాటు లేదు. రాజధాని తరలిపోవడం గురించి ఈ రాష్ట్రంలో ఎవరెవరో ఆమధ్య బాధపడ్డారు గాని, ఆ విషయంలో మాకు తొమ్మిది వందల ఏళ్ల సీనియారిటీ ఉంది.

రెండోది, గుడి ముందు మనిషెత్తు రంగురంగుల అక్షరాలు, మధ్యలో ఎర్రటి గుండె. ఆ అక్షరాల వెనక గుడి కనబడకుండా పోయినా పరవాలేదు. ఫోటోలో ఊరి పేరు పడితే చాలు. మూడోది, వంశధార మీద గాజు వంతెన, కింద ఇసుక కనబడుతూ ఉంటుంది. నాలుగోది, లేజర్ షో. గర్భగుడిలో కనబడని ముఖాన్ని ఆకాశంలో చూపిస్తే ఫిర్యాదులు ఆగుతాయి. ఇన్నీ అనుకున్నాక తెలిసింది, రక్షిత కట్టడాల చట్టమని ఒకటుందని. నూరు మీటర్ల దాకా కొత్తగా ఏమీ కట్టకూడదట, ఆపైన ఇంకో రెండువందల మీటర్లు అనుమతి లేనిదే కదపకూడదట. అభివృద్ధిని అడ్డుకోవడానికి ఈ దేశంలో ఎన్ని కుట్రలు!

ఐదోది నాకు మరీ ఇష్టమైన అంశం, గిడుగు రామమూర్తి గారి సెల్ఫీ పాయింటు. ఆయన 1863లో ఇక్కడికి దగ్గర్లోని పర్వతాలపేటలో పుట్టారు. పర్లాకిమిడిలో మాస్టారుగా ఉంటూ, ఎవరూ నేర్పకుండానే పాత లిపి నేర్చుకొని, ఈ గుడి శాసనాలు చదివారు. ముఖలింగమే కళింగనగరమని వ్యాసాలు రాశారు. ఈ గుడి కథలోని శబరుల వారసులైన సవరల భాషకి వ్యాకరణం, నిఘంటువు రాసి అచ్చువేయించారు. అంటే ఈ ఊరికి వచ్చి నిరాశపడని యాత్రికుల్లో మొదటి వరసవాడు. ఇప్పుడు ఏటా ఆగస్టు 29న ఆయన బొమ్మకి దండవేసి, వాడుక భాష గొప్పదనాన్ని గ్రాంథికంలో పొగిడి ఇంటికెళతాం. ఆయన కూడబలుక్కుని చదివిన రాళ్లకి వీపు ఆనించి ఫోటో దిగుతాం. అవి తెలుగు అక్షరాలే కదా అని ఒక్కడైనా వెనక్కి తిరిగి చూస్తే మెడ పట్టేస్తుందని భయం.

సరే, వెటకారం పక్కనపెట్టి ఒక్క సంగతి గమనించండి. శివరాత్రి తర్వాత చక్రతీర్థ స్నానానికి శ్రీముఖలింగం వస్తే వంశధార రేవులో అడుగుపెట్టడానికి చోటుండదు. ఒడిశా నుంచి మూటా ముల్లే నెత్తిన పెట్టుకొని వస్తారు. ఆ జనం ఏ ప్రకటనా చూసి రారు. వాళ్ల తాతలు వచ్చారు, వీళ్లూ వచ్చారు. వచ్చింది స్నానానికి. నీళ్లున్నాయి, మునిగారు. స్వామి ఉన్నాడు, చూశారు. కోరుకొచ్చిందీ దొరికిందీ ఒకటే అయినచోట నక్షత్రాలు ఇచ్చే పనిలేదు. నిరాశ అనేది ఊళ్లో పుట్టే సరుకు కాదు. ఇంటి దగ్గరే కొనుక్కొని సంచిలో పెట్టుకొచ్చేది. అమ్మేవాళ్లు అమ్ముతున్నారు కాబట్టి కొంటున్నాం.

ఈ అమ్మకంలో మా శ్రీముఖలింగం మొదట్నుంచీ చేతగానిది. ఈ ఊళ్లో ఎటు తవ్వినా లింగమే తగులుతుందంటారు. మొత్తం ఎన్నని అడగండి, కోటికి ఒకటి తక్కువ అంటారు. ఆ ఒక్కటీ ఉంటే కాశీ అయిపోయేదట! చూశారా వీళ్ల అమాయకత్వం? తొంభైతొమ్మిది లక్షల తొంభైతొమ్మిది వేల తొమ్మిదివందల తొంభైతొమ్మిది దాకా చెప్పినవాడిని ఇంకొకటి కలపవద్దని ఎవరన్నారు? ఎవడు లెక్కపెట్టబోతాడు? ఈనాటి ప్రచారకర్త చేతికి ఇచ్చి ఉంటే రెండు కోట్లకి తేల్చి, పైన ప్లస్ గుర్తు పెట్టేవాడు. కోట్లలో అబద్ధమాడుతూ కూడా ఒకటి తగ్గించి చెప్పి, మేము కాశీ కాదు సుమా అని ముందే ఒప్పుకున్న ఊరు ఇది. అలాంటి ఊరికే దక్షిణ కాశీ అని బోర్డు కట్టారు.

కాబట్టి పేర్లు పెట్టే పెద్దలకు మనవి. మాకు ఊటీ వద్దు, కాశ్మీరు వద్దు, కోణార్క్ అసలే వద్దు, అది మేమే ఇచ్చాం. గోడ మీద శాసనం దగ్గర అందులో ఏముందో చదువుకునే తెలుగులో ఒక బోర్డు పెట్టండి. వెళ్లడానికి, ముఖ్యంగా తిరిగి రావడానికి, వేళకి ఒక బస్సు నడపండి. ఇంకొక్కటి. కోటికి ఒక లింగం తక్కువైతే ఇన్ని వందల ఏళ్లు సర్దుకున్నాం. బస్సు నిండా ఆడవాళ్లు దిగినచోట మరుగుదొడ్డి ఒక్కటి తక్కువైతే అరగంట కూడా సర్దుకోలేం.