ఏ క్లాసుకండీ?

సాలూరు మెయిన్ రోడ్డు ఈ చివర్నుంచి ఆ చివరిదాకా నడవండి. సెల్‌ఫోన్ షాపులు, టైర్ల కొట్లు, బిర్యానీ పాయింట్లు, అన్నీ తగుల్తాయి. బుక్ షాపు అని బోర్డున్న చోట ఆగితే పెన్నులు, చార్టులు, జెరాక్సు, పుట్టినరోజు టోపీలు. "చదువుకోడానికి పుస్తకాలేవైనా ఉన్నాయా బాబూ?" అంటే ఆ కుర్రాడు ఎగాదిగా చూసి "ఏ క్లాసుకండీ?" అంటాడు. ఈ వయసులో ఏ క్లాసని చెప్పను?

మా రోజుల్లో పుస్తకాల కొట్టు చిన్నదే. గుమ్మానికి అడ్డంగా తాడు కట్టి వారపత్రికలు బట్టలు ఆరేసినట్టు వేలాడదీసేవారు. బస్సు మీంచి దింపిన కట్ట విప్పకముందే సీరియల్ పిచ్చివాళ్ళం చుట్టూ మూగేవాళ్ళం. కొట్టాయన తాపీగా పురికొస విప్పి, దాన్ని పారేయకుండా వేలికి చుట్టి దాచుకుని, అప్పుడు గానీ పత్రిక చేతికిచ్చేవాడు కాదు. పిల్లలకి చందమామ. 1947లో పుట్టిన ఆ పత్రిక 2013 నాటికి ఆగిపోయింది. ఆగినందుకు మా వీధిలో ఒక్కరూ అయ్యో అనలేదు, అదీ నా ఏడుపు.

మాది లారీల ఊరు. రాయపూర్ లోడుతో సుంకి ఘాటీ ఎక్కే డ్రైవర్లు మధుబాబు షాడో నవల ఒకటి సీటు కింద పడేసుకుని వెళ్ళేవారు. తిరిగొచ్చాక అదిచ్చేసి, పైన కాస్త డబ్బు వేసి ఇంకోటి పట్టుకెళ్ళేవారు. కొండ మీది ఆశ్రమ పాఠశాలల మాస్టార్లు సంత రోజున దిగి, కూరగాయల సంచిలోనే పత్రికలూ కుక్కుకునేవారు. విశాలాంధ్ర వాళ్ళ పుస్తకాల వ్యాను వస్తే ఇక పండగే. ఉప్పల లక్ష్మణరావు, రారా లాంటి రచయితలు మాస్కోలో కూర్చుని తెలుగు చేసిన సోవియట్ పుస్తకాలు, గట్టి అట్టతో, కారుచౌకగా దొరికేవి. 1991లో ఆ దేశమే పోయింది, పుస్తకాలూ పోయాయి.

అందరూ ఫోన్ని తిడతారు. నేను ముందు బడిని తిడతాను. కొట్టుని బతికించింది కథల పుస్తకాలు కావు, జూన్ నెల. వాచకాలు, నోటుపుస్తకాలు, అట్టలేసే కాగితం అమ్మిన డబ్బుతోనే మిగతా ఏడాదంతా కథలూ నవలలూ బల్ల మీద నిలిచేవి. సర్కారు బడుల్లో వాచకాలు ఉచితమయ్యాయి. 2020 నుంచి సర్కారు ఇచ్చే బడి కిట్టులో నోటుపుస్తకాలూ ఇస్తున్నారు. పేదపిల్లలకి మంచిదే, కాదనను. కానీ ప్రైవేటు బళ్ళు? ఫీజుతో పాటు పుస్తకాల కట్టా మా దగ్గరే కొనాలంటాయి. అలా జూన్ పోయింది. 2013లో అమెజాన్ దేశంలోకొచ్చేసరికి కొట్టు సగం చచ్చే ఉంది. పబ్లిషరు కొట్టాయనకిచ్చే కమీషన్ కంటే అమెజాన్ వాళ్ళు మనకిచ్చే డిస్కౌంటే ఒక్కోసారి ఎక్కువ. ఇంకెవడు నిలబడతాడు?

"పాచిపెంట కొండ మీదకి కూడా పార్సిల్ వస్తోంది కదా తాతా" అంటాడు మా మనవడు. వస్తుందిరా, పేరు తెలిసిన పుస్తకం వస్తుంది. పేరు తెలియంది ఎలా వస్తుంది? నేను డిటెక్టివ్ నవల అడిగితే, "మన విజయనగరం చాసో కథలు కూడా పట్టుకెళ్ళు, నచ్చకపోతే తెచ్చెయ్, డబ్బులు నెలాఖరుకి చూసుకుందాం" అనేవాడు కొట్టాయన. నచ్చింది, నేను తెచ్చివ్వలేదు. ఫోన్లో ఒక డిటెక్టివ్ నవల కొంటే ఇంకో పాతిక డిటెక్టివ్ నవలలే చూపిస్తుంది.

తపాలావాళ్ళూ తక్కువ తినలేదు. పుస్తకాలకుండే చౌక రేటు రిజిస్టర్డ్ సర్వీసుని 2024 డిసెంబరులో ఎత్తేశారు. గోల చేస్తే మరుసటి ఏడాది మేలో జ్ఞాన్ పోస్ట్ అని ఇంకోటి పెట్టారు.

కొట్టు మళ్ళీ రాదు, నాకా భ్రమ లేదు. మీ ఇంటిపన్ను రసీదు మాత్రం ఓసారి తీసి చూడండి. రూపాయికి ఎనిమిది పైసలు గ్రంథాలయ సెస్సు. 1960 చట్టం ప్రకారం కడుతున్నాం. ఈ ఆదివారం పిల్లల్ని వెంటబెట్టుకుని ఊళ్ళో గ్రంథాలయానికెళ్ళి, మా సెస్సుతో కొత్తగా ఏ పుస్తకాలు కొన్నారో చూపించమని అడగండి. మొహమాటపడకండి, అది మీ డబ్బే.